తాలు ఏరే విద్య

మాఘ ఫాల్గుణ మాసాలు వచ్చేసరికి నాదెండ్ల పరిసర గ్రామాల్లో మిరప కల్లాలు ఎరుపెక్కుతాయి. ఆరబోసిన కాయల మధ్య కూర్చొని స్త్రీలు తాలు కాయలు ఏరుతుంటారు. రంగు వెలిసి తెల్లబారిన కాయను తాలు అంటారు. అది మేలిమి కాయలో కలిసిపోతే మొత్తం సరుకు విలువ తగ్గుతుంది. అయినా ఏరిన తాలును ఎవరూ పారబోయరు. దానికి వేరే బస్తా, వేరే ధర ఉంటాయి. ఊడిన తొడిమలు, ఎండుటాకులు, మట్టి మాత్రమే కల్లం అంచుకు చేరుతాయి. ఏది ఉంచాలో, ఏది వేరుచేయాలో, ఏది ఊడ్చివేయాలో ఏరే చేతికి తెలుసు. తెలియని చేయి ఏరితే మంచి కాయ పోతుంది, చెత్త మిగులుతుంది. ఈ వివేకం కల్లానికే పరిమితమైనది కాదు. అదే గ్రామాల్లో నేడు బల్లలపైకి చేరిన కంప్యూటరుకు కూడా ఇది అంతే అవసరం.

కంప్యూటరు పల్నాటి పల్లెలకు ఒక్కనాడు రాలేదు. ప్రభుత్వ సేవలను ఒకే చోట అందించే మీసేవా కేంద్రాలు 2011లో మొదలయ్యాయి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. నాదెండ్ల ఆ జిల్లాలో ఒక మండల కేంద్రం. ఈ మార్పులన్నింటి నడుమ ధ్రువపత్రం, దరఖాస్తు, హాల్‌టికెట్టు, పంట నమోదు, బ్యాంకు కాగితం అన్నీ తెరమీదికి చేరాయి. పని ముగిసి మనిషి లేచి వెళ్లిపోతాడు. ఆ పని తాలూకు అవశేషాలు మాత్రం యంత్రంలోనే ఉండిపోతాయి. కొన్నాళ్లకు యంత్రం మందగిస్తుంది. ఖాళీ స్థలం లేదని ఒక హెచ్చరిక తెరపై ప్రత్యక్షమవుతుంది. అప్పుడే చాలామందికి యంత్రం లోపల ఏమున్నదనే ప్రశ్న తొలిసారి కలుగుతుంది.

విండోస్ కంప్యూటరులో మిగిలిపోయే వాటిలో మొదటివి తాత్కాలిక ఫైళ్లు. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు వేయడానికి సెంట్రింగు చెక్కలు, గుంజలు నిలబెడతారు. కాంక్రీటు గట్టిపడిన తరువాత వాటిని విప్పివేస్తారు. కంప్యూటరులో ఒక పత్రాన్ని తెరిచినా, ఒక కొత్త ప్రోగ్రామును స్థాపించినా ఇటువంటి ఆసరాలే కొన్ని తయారవుతాయి. వాటికోసం టెంప్ అనే ప్రత్యేకమైన ఫోల్డరు ఉంటుంది. పని సక్రమంగా ముగిస్తే ప్రోగ్రామే వాటిని తొలగించాలి. కానీ మధ్యలో కరెంటు పోయినా, ప్రోగ్రాము హఠాత్తుగా ఆగిపోయినా, దానిని రాసినవారు శ్రద్ధ వహించకపోయినా ఆ గుంజలు అలాగే నిలిచిపోతాయి. ఇల్లు పూర్తయి గృహప్రవేశం జరిగినా వాకిట్లో సెంట్రింగు చెక్కలు పడి ఉన్నట్లు ఉంటుంది ఆ స్థితి.

రెండవది క్యాష్. ఉచ్చారణలో పోలిక ఉన్నా దీనికి రొక్కంతో సంబంధం లేదు. దాచు అనే అర్థం గల ఫ్రెంచి క్రియ నుండి ఈ మాట పుట్టింది. 1968లో ఐబీఎం సంస్థ ప్రకటించిన సిస్టమ్ 360 మోడల్ 85 యంత్రంలో, ప్రధాన స్మృతికి ముందు నిలిచే చిన్నదైన, వేగవంతమైన స్మృతికి ఈ పేరు పెట్టారు. తరువాత ఇటువంటి ప్రతి ఏర్పాటుకూ అదే పేరు స్థిరపడింది. నీళ్లు బావిలో ఉంటాయి. అయినా దాహమైన ప్రతిసారీ బావి దగ్గరకు వెళ్లరు. ఒకసారి తోడి తెచ్చి కుండలో ఉంచుకొంటారు. క్యాష్ ఆ కుండ వంటిది. ఒకసారి చూసిన వెబ్‌పేజీలోని బొమ్మలను బ్రౌజరు దగ్గర దాచుకొంటుంది. ఫోల్డరులోని ఛాయాచిత్రాల సూక్ష్మరూపాలను విండోస్ దాచుకొంటుంది. మరోసారి అడిగినప్పుడు దూరం పోకుండా దగ్గరనుండే అందిస్తుంది.

కుండలోని నీళ్లు పారబోస్తే బావి ఎండిపోదు. అదేవిధంగా క్యాష్‌ను ఖాళీ చేస్తే మూలానికి నష్టం కలగదు. అయితే దానివల్ల గొప్ప లాభం కూడా చేకూరదు. మళ్లీ ఆ పేజీ తెరిచినప్పుడు యంత్రం మళ్లీ బావి దగ్గరకు నడవాలి. అందువల్ల ప్రతిదినం క్యాష్‌ను తుడిచి, యంత్రం వేగం పుంజుకొన్నదని భావించడం భ్రమ. నీరు పాచిపట్టినప్పుడు కుండ కడగాలి. అంటే, పేజీ పాత రూపంలోనే కనిపిస్తున్నప్పుడు, దాచిన సమాచారం చెడిపోయినప్పుడు, స్థలం నిజంగా చాలనప్పుడు క్యాష్‌ను ఖాళీ చేయాలి. ఆ పని చేసేటప్పుడు బ్రౌజరు ఒకే పట్టికలో క్యాష్‌ను, కుకీలను, దాచిన పాస్‌వర్డులను విడివిడి గడులుగా చూపుతుంది. తొందరపడి అన్ని గడులలోనూ గుర్తు పెట్టినవారు కుండతోపాటు తాళపుచెవుల గుత్తిని కూడా బయట పారవేసినవారవుతారు.

ఇవి కాక విండోస్ నవీకరణలు మిగిల్చే సామగ్రి ఉంటుంది. ఒక సంచిక నుండి మరొక సంచికకు మారినప్పుడు పాత వ్యవస్థ అంతా విండోస్ ఓల్డ్ అనే ఫోల్డరులో భద్రమవుతుంది. కొత్తది పొసగకపోతే వెనుకకు మరలడానికి ఉద్దేశించిన ఏర్పాటు అది. సాధారణంగా 10 రోజుల తరువాత విండోస్ తనంతట తానే దానిని తొలగిస్తుంది. కొత్త వ్యవస్థ సవ్యంగా నడుస్తున్నదని నిశ్చయించుకొన్న తరువాతనే దానిని ముందుగా తీసివేయడం ఉచితం. నదిని పూర్తిగా దాటకముందే పడవను వదలివేయరాదు కదా!

శుభ్రపరచే సాధనాలను విండోస్ తనలోనే సమకూర్చుకొంది. పారవేసినదాన్ని కొంతకాలం నిలిపి ఉంచే రీసైకిల్ బిన్ 1995లో విండోస్ 95తో వచ్చింది. డిస్క్ క్లీనప్ విండోస్ 98తో ప్రవేశించింది. 2017లో విండోస్ 10కు స్టోరేజ్ సెన్స్ చేరింది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ తెరిస్తే ఏ జాతి ఫైళ్లు ఎంత స్థలం ఆక్రమించాయో పట్టికగా కనిపిస్తుంది. ఒక్కొక్కదానికి క్లుప్తమైన వివరణ కూడా ఉంటుంది. కల్లంలో కాయను కంటితో చూసి ఏరినట్లు ఆ వివరణను చదివి గుర్తు పెట్టాలి. ముఖ్యంగా ఆ పట్టికలో డౌన్‌లోడ్స్ అనే పేరు కూడా కనిపిస్తుంది. అది యంత్రం సృష్టించిన తాత్కాలిక సామగ్రి కాదు. మనిషి కోరి తెచ్చుకొన్న ఫైళ్లు అక్కడ ఉంటాయి. తాత్కాలికం అనే శీర్షిక కింద కనిపించినంత మాత్రాన ఒక విద్యార్థి మార్కుల జాబితా తాత్కాలికం కాజాలదు.

శుభ్రత మీద మితిమీరిన ఆసక్తి కూడా ప్రమాదకరమే. విండోస్ ఫోల్డరులో విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే మరొక ఫోల్డరు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. దానిని వ్యర్థమని తలచి చేతితో తొలగిస్తే యంత్రం తిరిగి లేవకపోవచ్చు. నిజానికి అక్కడ కనిపించే ఫైళ్లలో అనేకం ఇతర చోట్ల ఉన్నవాటికే మరో పేర్లు. అందువల్ల అది ఉన్నదానికంటె పెద్దదిగా కనిపిస్తుంది. ప్రీఫెచ్ అనే ఫోల్డరు తరచుగా వాడే ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి తోడ్పడుతుంది. దానిని తుడిచినవారు వేగాన్ని కోరి మాంద్యాన్ని తెచ్చుకొంటారు. యంత్రంలోని సమస్త అమరికలూ నమోదయ్యే రిజిస్ట్రీని శుభ్రపరుస్తామని చెప్పుకొనే ప్రోగ్రాముల వాడకాన్ని తాము సమర్థించబోమని విండోస్ నిర్మాతలే స్పష్టంగా చెప్పారు.

బయటి సాధనాలను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో తెలుపడానికి 2017నాటి ఉదంతం ఒకటి చాలు. శుభ్రపరచే ప్రోగ్రాములలో ప్రపంచప్రసిద్ధి పొందిన సీక్లీనర్ యొక్క 5.33 సంచికలోనికి దుండగులు హానికరమైన సంకేతాన్ని చొప్పించారు. అధికారికంగా విడుదలైన ఆ సంచిక దాదాపు 22 లక్షల 70 వేల యంత్రాలకు చేరింది. చీపురే మురికిని మోసుకొచ్చిందన్నమాట. మరుసటి సంవత్సరం, 2018 అక్టోబరులో, విండోస్ 10 నవీకరణ కొందరి వ్యక్తిగత ఫైళ్లను తొలగించినట్లు ఫిర్యాదులు రావడంతో మైక్రోసాఫ్ట్ ఆ విడుదలను కొద్దిరోజులలోనే నిలిపివేసి సరిదిద్దవలసి వచ్చింది. యంత్రం ఏ సంస్థదైనా, సాధనం ఎంత పేరున్నదైనా, ముఖ్యమైనదానికి మరొక ప్రతి వేరొక చోట ఉండాలని ఈ రెండు ఘటనలు బోధిస్తున్నాయి.

అయితే ఏది ముఖ్యం, ఏది అవశేషం? ఫైలు వయసు దీనికి గుర్తు కాదు, పరిమాణమూ గుర్తు కాదు. దీని మూలం మరొకచోట ఉన్నదా అనేదే అడగవలసిన ప్రశ్న. ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తదేమీ కాదు. నాదెండ్ల అనే ఇంటిపేరు సాహిత్యచరిత్రలో ప్రసిద్ధమైనది. మహామంత్రి తిమ్మరుసు మేనల్లుడైన నాదెండ్ల గోపమంత్రి 16వ శతాబ్దిలో కొండవీటిని పాలిస్తూ ‘కృష్ణార్జున సంవాదము’ అనే ద్విపద కావ్యాన్ని రచించాడు. ఆయన సోదరుడు అప్పామాత్యునికి మాదయగారి మల్లన ‘రాజశేఖర చరిత్రము’ను అంకితమిచ్చాడు. ఆనాడు ఈ కావ్యాలకు ఆధారం తాటాకు. తాటాకుకు చెదల భయం, తేమ భయం ఉన్నాయి. కావ్యం నిలవాలంటే పాత ఆకు శిథిలం కాకముందే ఎవరో ఒకరు కొత్త ఆకుపై నకలు తీయాలి. తీసిన నకలును మూలంతో సరిచూడాలి. ఆ తరువాతనే పాత ప్రతిని విడిచిపెట్టే ఆలోచన చేయాలి. సరిచూడకుండా విడిచిపెట్టిన చోట పద్యాలు లుప్తమయ్యాయి, పాఠాలు మారిపోయాయి.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు గ్రంథాలను వెదకి సేకరించినప్పుడు ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించేవాడు. పైపైన చూసేవారికి అవన్నీ పునరుక్తులే. కాని ఆయన పండితులను నియమించి ప్రతిని ప్రతితో పోల్పించి పాఠాన్ని నిర్ణయింపజేశాడు. 1829లో ఆయన వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించాడు. ఒక ప్రతిలో తప్పిపోయినది మరొక ప్రతిలో దొరికేది. కాబట్టి నకలు అయినంత మాత్రాన ఏదీ వ్యర్థం కాదు. ఒకే ఫైలు యథాతథంగా నాలుగు చోట్ల ఉంటే మూడు అదనం కావచ్చు. కాని ఒకే వ్యాసానికి నాలుగు దశలలోని నాలుగు రూపాలు ఉంటే అవి నాలుగు ప్రతులు. పేర్లు ఒకటే అయినంతలో వాటిని ఒకే గాటన కట్టరాదు. అలాగే పెన్‌డ్రైవులోనికి నకలు తీసినంతమాత్రాన పని పూర్తికాదు. ఆ నకలును ఒకసారి తెరిచి, చివరి పుట వరకు చూసి, ఆ పిమ్మటనే మొదటిదానిని తొలగించాలి. లేఖకుడు తాటాకుపై పాటించిన నియమమే ఇది.

ఇంతవరకు చెప్పుకొన్నవి ఒకరి సొంత యంత్రానికి చాలు. పదిమంది వాడే యంత్రానికి మరొక ప్రశ్న చేరుతుంది. ఈ ఫైలు ఎవరిది? మండల కేంద్రాలలోని ఇంటర్నెట్ కేంద్రంలో ఒక సాధారణ దృశ్యాన్ని ఊహించవచ్చు. రైతు లోపలికి రాగానే, “బాబాయ్, మీ పాసుపుస్తకం నకలు నా దగ్గరే ఉందిగా, మళ్లీ ఎందుకు మోసుకొచ్చారు?” అని యువకుడు పలకరిస్తాడు. “ఇంకా ఉంచావా అబ్బాయ్? పోనీలే, నాకు తిరుగుడు తప్పింది” అని రైతు తృప్తిపడతాడు. ఇందులో దురుద్దేశమేమీ లేదు. ఉన్నదల్లా ఇరుగుపొరుగు ఆప్యాయతే. కాని ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఆ రైతు పాసుపుస్తకంతోపాటు ఎందరివో ఆధార్ ప్రతులు, బ్యాంకు పుస్తకాల తొలి పుటలు, విద్యార్థుల ఛాయాచిత్రాలు, సంతకాలు పోగుపడి ఉంటాయి. సాయంత్రం ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. యంత్రం చెడితే బాగుచేసేవారి చేతికి పోతుంది. పాతబడితే ఎవరికో అమ్ముడుపోతుంది.

ఈ-ఆధార్ ఫైలుకు తాళం ఉన్నదనే ధీమా కూడా పనికిరాదు. దాని సంకేతపదం పేరులోని తొలి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆ వెంట జన్మసంవత్సరం. పక్కనే ఆ వ్యక్తి పదవ తరగతి ధ్రువపత్రం ఉంటే తాళం, తాళపుచెవి ఒకే గుమ్మానికి వేలాడుతున్నట్లే. పరుల యంత్రంలో ఆధార్ ప్రతిని దించుకొన్నవారు పని కాగానే దానిని శాశ్వతంగా తొలగించాలని ఆధార్ ప్రాధికార సంస్థ హితవు చెప్పింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సేకరించిన ప్రయోజనం తీరిన తరువాత ఆ సమాచారాన్ని తొలగించాలనే సూత్రాన్ని పొందుపరచింది. తన సొంత జ్ఞాపకాన్ని తుడవకుండా ఉంచుకొనే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఇతరుల కాగితాన్ని ఉంచుకొనే హక్కు వారి పని ముగిసిన క్షణంతోనే ముగుస్తుంది.

తొలగించడం అంటే ఏమిటో కూడా తెలిసి ఉండాలి. డిలీట్ నొక్కినప్పుడు ఫైలు రీసైకిల్ బిన్‌లోకి మాత్రమే చేరుతుంది. దానిని కూడా ఖాళీ చేసినప్పుడు సైతం, పాత తరహా హార్డ్‌డిస్కులో అక్షరాలు వెంటనే చెరిగిపోవు. ఆ చోటు ఇక ఖాళీ అని విషయసూచికలో గుర్తు పడుతుంది, అంతే. దానిమీద కొత్త సమాచారం చేరేవరకు తగిన సాధనాలతో పాతదానిని వెలికితీయవచ్చు. కొత్త తరహా ఎస్ఎస్‌డీలలో ఆ చోటును యంత్రమే త్వరలో శుభ్రపరుస్తుంది గనుక తిరిగి పొందడం చాలా కష్టం. పెన్‌డ్రైవు నుండి తొలగించినది సాధారణంగా బిన్‌లోకి చేరకుండా నేరుగా పోతుంది. అంటే, పోకూడదనుకొన్నది క్షణంలో పోవచ్చు; పోయిందనుకొన్నది ఏళ్ల తరబడి నిలిచి ఉండవచ్చు. ఈ రెండు అవకాశాలను మనసులో ఉంచుకొనే చేయి కదపాలి. యంత్రాన్ని అమ్మదలచినప్పుడు సాధారణమైన డిలీట్ సరిపోదు. విండోస్‌లోని రీసెట్ సదుపాయంలో డ్రైవును పూర్తిగా శుభ్రపరచే మార్గాన్ని ఎంచుకోవాలి.

మరి ఆ రైతుకు తిరుగుడు తప్పించడం ఎలా? దానికి మార్గం ఉన్నది. 2015లో ప్రారంభమైన డిజిలాకరులో అనేక ప్రభుత్వ పత్రాలు వాటి యజమాని పేరుమీదనే భద్రంగా ఉంటాయి. అందులో లేని కాగితాన్ని స్కాన్ చేసి రైతు సొంత ఫోనులోనో, పెన్‌డ్రైవులోనో ఉంచి, సరిగా తెరుచుకొంటున్నదో లేదో అతని ఎదుటనే చూపించవచ్చు. అప్పుడు మూలం యజమాని దగ్గర చేరుతుంది. కేంద్రంలోని ప్రతి కుండలోని నీటితో సమానమవుతుంది. దానిని పారబోయడానికి ఇక సంకోచించనవసరం లేదు. ఆప్యాయత తగ్గదు, అపాయం తగ్గుతుంది.

ఇంటర్మీడియట్ చదువు ముగించిన విద్యార్థులలో ఎందరో రేపు ఇటువంటి బల్లల వెనుక కూర్చోవలసినవారే. ఒకరు సచివాలయంలో, ఒకరు బ్యాంకులో, మరొకరు సొంత ఊరి ఇంటర్నెట్ కేంద్రంలో ఇతరుల కాగితాలను చేతబట్టేవారే. ఏ మీట నొక్కాలో నాలుగు రోజులలో ఎవరైనా నేర్చుకొంటారు. విండోస్ సంచిక మారితే ఆ మీట స్థానమూ మారిపోతుంది. విండోస్ 10కు నిర్మాతల సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తోనే ముగిసింది. మారనివి మూడు ప్రశ్నలు. ఇది ఎందుకు పుట్టింది? దీని మూలం ఎక్కడ ఉన్నది? ఇది ఎవరిది? రోజు ముగిసే వేళ తలుపు మూయడానికి ముందు ఐదు నిమిషాలు ఈ ప్రశ్నలతో ఫోల్డరును చూసే అలవాటు ఉంటే చాలు. మరునాటి ఉదయం దరఖాస్తు కాగితాలతో వచ్చి ఆ యంత్రం ముందు కూర్చొనే మనిషికి అంతకుముందు వచ్చినవారి ఆనవాలు ఒక్కటీ కనిపించదు; తన ఆనవాలు కూడా అక్కడ మిగలదని నమ్మి నిశ్చింతగా పని చేసుకొంటాడు.